నేతోళ్ళ మెడలు, చైనా వసంతం: ఎనిమిది వారాల పని డైరీ

ఎవరన్న తమ ఊర్ల నేత పనోళ్ళ మెడ, భుజాల నొప్పికి చైనా ఒత్తుడు, కసరత్తు మొదలుపెట్టేముందు నేను చేసిన తప్పులు చూసుకుంటరని రాస్తున్న. నల్లగొండ జిల్లాల చండూరు దిక్కు మా ఊరు. 14 మంది నేత పనోళ్ళు, 9 మంది ఆడవాళ్ళు, 5 మంది మగవాళ్ళు. అందరికన్న చిన్నామెకు 27 ఏండ్లు, పెద్దాయనకు 66. 2025 ఫిబ్రవరి 3 నుంచి ఉగాదికి ముందు రోజు దాకా చేసినం. ఆక్యుప్రెషర్, చైనావాళ్ళ టుయినా ఒత్తుడు హైదరాబాద్‌ల ఏడాదిపాటు నేర్చుకున్న. సూదులు గుచ్చే అర్హత నాకు లేదు, కాబట్టి ఇందుల సూది ఒక్కటి కూడ లేదు.

ఫిబ్రవరి 3 ఎందుకంటే ఆ రోజు చైనా పంచాంగంల లిచున్, వసంతం మొదలు. ఏడాదిని వాళ్ళు 24 ముక్కలు చేసుకుంటరు, అందుల మొదటిది ఇదే. వసంతాన్ని చెట్టుతోటి, ఆకుపచ్చతోటి, గాలితోటి, కాలేయంతోటి జోడిస్తరు. ఈ కాలేయం స్కానింగ్‌ల కనిపించే కాలేయం కాదు. కీళ్ళను పట్టి ఉంచే నరాలను సాగనిచ్చేది, కండ్లకు చూపునిచ్చేది, కోపాన్ని హద్దుల ఉంచేది అని వాళ్ళ లెక్క. మగ్గం మీద కూసున్నోళ్ళకు ముందుగాల పొయ్యేవి నరాలు, చూపు. అందుకే ఈ కాలాన్నే పట్టుకున్న.

దశ 1: ఫిబ్రవరి 3–8. మెడ మీద చెయ్యి వేసి తప్పు చేసిన

రోజూ సాయంత్రం 6 గంటలకు, మగ్గాల షెడ్డు వరండాల. ఒక్కొక్కరికి నాలుగు చోట్ల, రెండేసి నిమిషాలు:

1. ఫెంగ్‌చి: పుర్రె అంచు కింద, మెడ వెనక రెండు దిక్కుల ఉండే గుంటలు.
2. జియాన్‌జింగ్: మెడ మొదలుకు, భుజం చివరకు సగం దూరంల, ఎత్తుగ తేలిన కండ మీద.
3. హెగు: చెయ్యి వెనక, బొటనవేలు, చూపుడువేలు ఎముకల నడుమ.
4. తైచోంగ్: పాదం మీద, బొటనవేలు, దాని పక్క వేలు ఎముకలు కలిసే చోటికి కొంచెం ముందు గుంట.

తర్వాత 12 నిమిషాలు బాదువాన్‌జిన్. ఇది ఎనిమిది కదలికల పాత చైనా కసరత్తు. 2003ల చైనా క్రీడల శాఖ దీన్ని ఒక తీరుగ కుదిర్చింది, మేము చేసింది ఆ తీరే.

గురువారం, నాలుగో రోజు, మా మేనత్తకు ఫెంగ్‌చి దగ్గర గట్టిగ ఒత్తిన. ఆమెకు 61 ఏండ్లు. ఎడమ చెయ్యి నొసలు మీద పెట్టి, తల కొంచెం వెనక్కి వాల్చి, కుడి బొటనవేలు మీద నా బరువు వేసిన. నేర్చుకున్న పద్ధతే అది. శుక్రవారం ఆమె రాలేదు. శనివారం పొద్దుగాల ఇంటికి పోతే గోడకు ఆనుకొని కూసున్నది.

"నువ్వు మంచిగనే ఒత్తినవ్ బిడ్డా, గాని మెడ రాయైంది. రెండు రాత్రులు కూసోనే తెల్లారవెట్టిన."

"గదుమ రొమ్ముకు ఆనుతదా అత్తా?" అని అడిగిన. వంచింది. నడుమ నా మూడు వేళ్ళు పట్టినయి.

"ఎప్పటి నుంచి?"

"పదేండ్లాయె. మొగులు దిక్కు చూసుడు ఎప్పుడో బందైంది."

ఆ రోజు సాయంత్రం పని ఆపేసిన. ఫెంగ్‌చి అంటే గాలి గుంట అని అర్థం. వసంతం గాలి మెడ వెనక నుంచి ఒంట్లకు జొరబడుతదని, మెడ బిగుసుకుంటదని చైనావాళ్ళు చెప్తరు. నేను ఆమె మెడల గాలిని వెతికిన. ఆమె మెడల ఉన్నది మా బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్. నల్లగొండ బిడ్డనై ఉండి నాకు ముందుగాల ఈ సంగతి తట్టకపోవుడు ఇప్పటికీ మనసుల ముల్లు లెక్కనే ఉన్నది.

ఇప్పటిదాకా: 5 పూటలు, సగటున 6 మంది. ఖర్చు: టేపు 40, నువ్వుల నూనె లీటరు 380, నాలుగు తువ్వాళ్ళు 240, నోటుబుక్కు 50. మొత్తం 710 రూపాయలు.

దశ 2: ఫిబ్రవరి 9–16. ఒత్తుడు బంద్, పరీక్షలు మాత్రమే

చిన్నప్పుడు మా బడికి ఫ్లోరైడ్ శిబిరం వచ్చినప్పుడు మూడు పనులు చేయించేటోళ్ళు. అవే తీసుకున్న. ఇంట్ల ఎవరికన్న మెడ, నడుము ఒత్తేముందు మీరు కూడ ఇవి చేయించుండ్రి:

1. మోకాళ్ళు వంచకుండ ముందుకు వంగి కాలి వేళ్ళు అందుకోవాలె. అందకపోతే వేలి కొస నుంచి నేల దాకా టేపుతోటి కొలువుండ్రి.
2. గదుమ రొమ్ముకు ఆనించాలె. ఆనకపోతే నడుమ ఎన్ని వేళ్ళు పడుతయో రాసుకోండ్రి.
3. రెండు చేతులు తల వెనక పెట్టి మోచేతులు వెనక్కి తియ్యాలె.
4. ఎక్కడ ఆగితే అక్కడనే వదిలెయ్యాలె. సాయం పట్టి సాగదీయొద్దు.

14 మందిల వంగుడు రానోళ్ళు 6, గదుమ ఆననోళ్ళు 4, చేతులు తల వెనకకు పోనోళ్ళు 3. కొందరు రెండింట్ల ఉన్నరు కాబట్టి మొత్తం మనుషులు 7. వంగుడు ఒక్కటే రాకపోతే అది మగ్గం గుంతల కూసున్నందుకు పట్టిన బిగుతు కావచ్చు. గదుమ ఆననోళ్ళను మాత్రం డాక్టరుకు చూపించకుండ ముట్టొద్దనుకున్న.

సోమవారం నలుగురిని సర్కారు దవాఖానకు తీసుకపోయిన. ఎక్స్‌రేలు చూసి ముగ్గురికి ఫ్లోరోసిస్, ఒకాయనకు వయసు అరుగుడు అన్నరు. ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ నీళ్ళతోటి వచ్చే జబ్బు, అందుల ఎముకలను కట్టి ఉంచే నరాలకు సున్నం పట్టి అవే ఎముక లెక్క గట్టిపడుతయట. పైకి ఎముక చిక్కగ కనిపిస్తది గాని పెళుసుగ ఉంటది. మెడ తిప్పొద్దు, గుంజొద్దు, కాళ్ళు తిమ్మిర్లు ఎక్కినా నడక తూలినా ఆ రోజే రావాలె అని డాక్టరు మా మేనత్తకు చెప్పి, నా దిక్కు చూసి ఇంకోసారి చెప్పింది.

లీటరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పటికతోటి, సున్నంతోటి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతట మా జిల్లా పేరే ఉన్నది, నల్లగొండ పద్ధతి అంటరు. నాగపూర్‌ల నీరి సంస్థ కనిపెట్టింది. మిషన్ భగీరథ నల్లా వచ్చినంక పిల్లలు వేరే నీళ్ళు తాగుతున్నరు. కాని అరవై ఏండ్లు దాటినోళ్ళ ఎముకలల్ల చేరింది ఏ నీళ్ళతోటి కడిగినా పోదు. మా ప్రాంతంల చేతివైద్యం చేసేటోళ్ళు ఎవరైనా ఇది తెలుసుకోకుండ మెడ మీద చెయ్యి వెయ్యొద్దు. చైనా పద్ధతి కానీ, కేరళ పద్ధతి కానీ, మెడ విరిచే మంగలి పద్ధతి కానీ, అన్నిటికీ ఇదే మాట.

ఈ వారంలనే ఇంకో తప్పు బయటపడ్డది. 27 ఏండ్ల కోడలు మూడో నెల అని వాళ్ళత్త నా చెవుల చెప్పింది. హెగు, జియాన్‌జింగ్, చీలమండ లోపలి దిక్కు ఎముక గుబ్బకు నాలుగు వేళ్ళ పైన ఉండే సన్‌యిన్‌జియావ్ గర్భిణులకు ఒత్తొద్దని చైనా వైద్యంల మొదటి పాఠం. మొదటి రెండూ నేను మూడు రోజులు ఒత్తిన. నలుగురు మగవాళ్ళు కూసున్న వరండాల ఆమె ఎట్ల చెప్తది? అడగాల్సింది నేను, అదీ విడిగ, లోపలింట్ల. ఆమె డాక్టరుకు చూపించుకున్నది, అంతా మంచిగనే ఉన్నది. ఆ రోజు నుంచి ఆమెకు ఒత్తుడు లేదు. డాక్టరు సరేనన్నంక చేతుల కదలికలు, ఊపిరి మాత్రం చేసింది.

రాసిపెట్టుకున్న లెక్క: పూర్తి పద్ధతికి 9 మంది, మెడ ముట్టొద్దు అన్నోళ్ళు 4, గర్భిణి 1. ఖర్చు: ఆటో రానుపోను 600. మొత్తం 1,310.

దశ 3: ఫిబ్రవరి 17 – మార్చి 13. వేళ మార్చిన, కదలికలు కోసిన

సాయంత్రం పెడితే సగం మంది రాలేదు. ఉగాది చీరెల ఆర్డర్లు ఉన్నయి, చీకటయ్యేదాకా మగ్గం దిగరు. చైనాల రెండు వేల ఏండ్ల నాటి వైద్య గ్రంథం హువాంగ్‌డి నెయ్‌జింగ్ వసంతంల ఎట్లుండాలో చెప్తది. పొద్దుగాల లేవమంటది, వాకిట్ల మెల్లగ తిరగమంటది, జుట్టు విప్పుకొని ఒళ్ళు వదులు చేసుకొమ్మంటది. సాయంత్రం ఊసే లేదు. నేనే నా వీలు చూసుకొని సాయంత్రం పెట్టిన. పొద్దుగాల 5:30కు మార్చినంక 11 మంది రావుడు మొదలుపెట్టిన్రు.

చైనావాళ్ళ మాటను బట్టి ఇంకోటి కూడ చేసిన, అది కుదరలేదు. వసంతంల తొందరపడి దుప్పట్లు, పై బట్టలు తియ్యొద్దని చైనాల ఆచారం. అక్కడ లిచున్ నాటికి ఉత్తరాన ఇంక మంచే ఉంటది. మా దగ్గర శివరాత్రికే చలి శివశివా అంటూ పోయింది. ఫిబ్రవరి 28 మధ్యాహ్నం వరండాల 35 డిగ్రీలు చూసిన. పొద్దుగాల మెడకు తువ్వాల చుట్టుకొమ్మని చెప్పినోళ్ళకు చెమట కాయలు లేసినయి. ఆ మాట వాపసు తీసుకున్న. వాళ్ళ వసంతంల సగం మాకు సంక్రాంతి నుంచి శివరాత్రి నడుమనే అయిపోతదని అప్పుడు అర్థమైంది.

కొలతలు కూడ మళ్ళ మొదటి నుంచి తియ్యాల్సి వచ్చింది. మొదటి వారం కొలతలు సాయంత్రం తీసినవి. పొద్దంత చేతులు ఆడించినంక ఒళ్ళు వదులుగ ఉంటది. ఫిబ్రవరి 17 పొద్దుగాల తీస్తే అదే మనిషికి 3 సెంటీమీటర్ల దాకా తేడా వచ్చింది. పాతవి కొట్టేసిన. కొలిచేది ఇట్ల: ఒక చెయ్యి భుజం మీంచి వీపు మీదికి, ఇంకో చెయ్యి కింది నుంచి పైకి, రెండు నడివేళ్ళ నడుమ దూరం టేపుతోటి. రోజూ అదే వేళకు, మగ్గం ఎక్కకముందు.

కుడి చెయ్యి కింద పెట్టినప్పుడు దూరం సగటున 15 సెంటీమీటర్లు, ఎడమ చెయ్యి కింద పెట్టినప్పుడు 11. ఎందుకో వాళ్ళే చెప్పిన్రు. కుడి చెయ్యి తాడు గుంజి నాడె, అంటే పేకపోగును అటూ ఇటూ మోసేది, కొడ్తది, ఎడమ చెయ్యి ఆ పోగును అదిమే చట్రాన్ని తన దిక్కు గుద్దుతది. పొద్దంత కుడి భుజం ఒకటే పని, ఒకటే తొవ్వ. భుజం నొప్పి నేతింటికి కొత్తది కాదు. చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టు పోసే యంత్రం, చేసింది వాళ్ళమ్మ భుజాల నొప్పి చూడలేకనే. దానికి ఆమె పేరే పెట్టుకున్నడు, లక్ష్మి ఆసు యంత్రం అని. ఒక చీరెకు ఆసు పోసేటందుకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడించేది అప్పట్ల.

కదలికలల్ల చేసిన మార్పులు:

1. విల్లు గుంజుడు, రెండో కదలిక: ఎడమ దిక్కు 4 సార్లు, కుడి దిక్కు 4 సార్లు ఉండేది. గుంజే చెయ్యి ఎడమ అయ్యేటట్టు 6 సార్లు, కుడి అయ్యేటట్టు 2 సార్లు చేసిన. కుడి చెయ్యి రోజంత గుంజుతనే ఉన్నది కదా.
2. వెనక్కి చూసుడు, నాలుగోది: మెడ ముట్టొద్దన్న నలుగురికి మెడ తిప్పుడు లేదు. వాళ్ళు కండ్లు మాత్రం పక్కకు తిప్పిన్రు.
3. తల, నడుము ఊపుడు, ఐదోది: ఆ నలుగురికి తీసేసిన.
4. కాళ్ళు అందుకునుడు, ఆరోది: అందరికీ మోకాళ్ళ దాకానే. నలుగురికి కుర్చీల కూసోని.
5. పిడికిలి బిగించి కండ్లు తెరిచి చూసుడు, ఏడోది: ఇది పెంచిన. చూపు, నరాలు రెండింటికీ ఇదే అని చైనావాళ్ళ మాట. పోగులు చూసి చూసి ఎర్రబడ్డ కండ్లకు దూరం చూసుడు హాయి అన్నరు. ఎదురుంగ వేపచెట్టు కొస చూపించిన.
6. మడిమలు ఎత్తి నేలకు ధమ్మున వదులుడు, ఎనిమిదోది: పెళుసు ఎముకలకు ఇది వద్దు. ఆ నలుగురు మెల్లగ దించిన్రు.

మెడ ముట్టొద్దు అన్నోళ్ళకు దూరం నుంచి పని చేసే చోట్లు తీసుకున్న. యాంగ్‌లింగ్‌చ్వాన్, అంటే మోకాలు బయటి దిక్కు కింద తగిలే చిన్న ఎముక గుబ్బకు ముందు కిందుగ ఉండే గుంట. నరాలన్నిటికీ ఇది కూడలి అని చెప్తరు. దానితోటి పాదంల తైచోంగ్, చేతుల హెగు. ఒక్కొక్కటి నిమిషం మాత్రమే, నా వేలు గోరు తెల్లబడేంత బలం దాటొద్దు. గుండె జబ్బుకు రక్తం పలుచబడే గోలీలు వేసుకునే ఒకాయనకు గోకుడు పద్ధతి గువా షా చెయ్యలేదు, తోలు కింద రక్తం మరకలు పడుతయి.

భుజం వెనక ఒత్తేటందుకు 14 రబ్బరు బంతులు కొన్న. గోడకు, వీపుకు నడుమ బంతి పెట్టి ఎవరికి వాళ్ళే ఒత్తుకుంటరు. నా వేళ్ళకన్న ఇదే మంచిగున్నది, ఎంత బలమో వాళ్ళకే తెలుస్తది.

ఈ దశల 20 పూటలు, ఆదివారాలు, శివరాత్రి, అమావాస్య బంద్. కలిపి 25. బంతులు 420, మొత్తం 1,730. మార్చి మొదటి వారంల ఒకాయన పనికి సూరత్ పోయిండు. ఇంకొకామె మానేసింది. మిగిలింది 12 మంది.

దశ 4: మార్చి 15–29. మాచిపత్రి, చామంతి, రెండూ తీసేసిన

మోకాళ్ళ నొప్పికి చైనావాళ్ళు మోక్సా చేస్తరు, మాచిపత్రి జాతి ఆకు ఎండవెట్టి, దంచి, చుట్ట చుట్టి, కాల్చి, తోలుకు రెండు వేళ్ళ దూరంల వేడి చూపిస్తరు. వినాయక చవితి పత్రిల మనం పెట్టే మాచిపత్రి దానికి దగ్గరి చుట్టమే. మా పెరట్ల ఉన్నది. ఎండవెట్టి, చేతులతోటి నలిపి, పాత కాగితంల చుట్టిన.

మార్చి 17 పొద్దుగాల. చిన్నాయన మగ్గం పక్కన పీట మీద కూసున్నడు, ఆయన మోకాలికి చుట్ట చూపిస్తున్న. చుట్ట వదులుగ చుట్టిన, అది నా తప్పు. బూడిద దులుపుదామని చెయ్యి పక్కకు తిప్పిన. కొస నుంచి శనగగింజంత నిప్పు రాలి ఆయన మగ్గం మీద సాగదీసి ఉన్న పడుగు మీద పడ్డది. మంట రాలేదు. ఒక నల్లటి చుక్క, దాని చుట్టు పోగులు ఒకటొకటి చిట్లి వెనక్కి ముడుచుకుపోవుడు. చిన్నాయన అరచేత్తోటి అదిమి ఆర్పిండు. ఎవ్వరూ మాట్లాడలేదు. లెక్కపెడితే 11 పోగులు.

"పోనీ బిడ్డా, పోగే కదా, అతుకుదాం" అన్నడు ఆయన. అరచేతుల తోలు ఎర్రగ కమిలింది, దానికి చల్లనీళ్ళు పట్టించిన. చిటికీ పడుగు అది, రంగు కట్టి అద్దిన పోగులు, ఏ పోగు ఏ చోట అతికితే డిజైన్ కలుస్తదో ఆ ఇంటోళ్ళకే తెలుసు. 11 పోగులు అతికేసరికి గంటన్నర పట్టింది. నేను కొసలు పట్టుకొని కూసున్న. పైసలిస్త అంటే తీసుకోలేదు. నూలు, సిల్కు ఉండే చోట నిప్పు వాడొద్దు. షెడ్డు బయట కూడ వద్దు, పొగకు ఇద్దరికి దగ్గొచ్చింది. మోకాలికి ఇప్పుడు నువ్వుల నూనె వెచ్చగ చేసి రాస్తున్నం, అంతే.

చామంతి సంగతి చిన్నది గాని ప్రమాదం చిన్నది కాదు. కండ్ల మంటకు వసంతంల చామంతి పూల నీళ్ళు తాగుతరు చైనాల. నేను పూల మార్కెట్ల 120 రూపాయల పూలు కొని ఎండవెట్టి నీళ్ళల్ల వేసిన. మందు వాసన కొట్టింది. దండల కోసం పెంచే పూల మీద ఎంత మందు కొడ్తరో రైతిండ్లల్ల అందరికీ తెలుసు. ఎవరూ తాగకముందే పారబోసిన. తినేటందుకని పెంచిన పూలు దొరికితేనే తాగాలె, లేకపోతే వద్దు.

తిండి దగ్గర ఒక్కటే మాట పట్టుకున్న. టాంగ్ రాజుల కాలం వైద్యుడు సున్ సిమియావ్ వసంతంల పులుపు తగ్గించి తీపి పెంచమన్నడు. ఆ తీపి చక్కెర కాదు, జొన్న, కొర్ర లెక్క కమ్మటి తిండి. మా చింతచిగురు పప్పు మానుమని నేను అనలేదు, అది వచ్చేదే ఈ కాలంల. రాత్రి చారు బదులు జొన్న గటక తిన్నోళ్ళకు పొద్దుగాల కడుపు తేలికగున్నదన్నరు. తీపి అనేసరికి చక్కెర బీమారి ఉన్న ఒకామె గటకల బెల్లం కలుపుకున్నది. మూడు రోజులకు తెలిసి ఆపించిన. తీపి అన్న మాటే ఇప్పుడు వాడుత లేను, కమ్మటిది అంటున్న.

12 పూటలు, కలిపి 37. పూలు 120, మొత్తం 1,850.

దశ 5: చివరి కొలతలు, మార్చి 28 పొద్దుగాల

పూర్తి పద్ధతి చేసిన 7 మందికి:

1. వీపు వెనక దూరం, కుడి చెయ్యి కింద: సగటున 15 నుంచి 10 సెంటీమీటర్లకు.
2. ఎడమ చెయ్యి కింద: 11 నుంచి 9కి.
3. నొప్పి, పదికి ఎంత అని వాళ్ళు చెప్పింది: 6 నుంచి 4కి.

ఇందుల బాదువాన్‌జిన్ వాటా ఎంత, బంతి వాటా ఎంత, పొద్దుగాల అరగంట మగ్గం దిగి నలుగురితోటి నవ్వుకున్న దాని వాటా ఎంత అని నేను విడదియ్యలేను. ఏమీ చెయ్యని ఇంకో గుంపును పక్కన పెట్టి కొలువలేదు. ఏడుగురు చాన తక్కువ.

మేనత్త గదుమ కింద ఇప్పటికీ మూడు వేళ్ళే. అది మారుతదని నేను ఆశపెట్టలేదు. నొప్పికి మెలకువ వచ్చే రాత్రులు వారంల 6 ఉండేవి, చివరి రెండు వారాలల్ల 3. యాంగ్‌లింగ్‌చ్వాన్ ఎక్కడుంటదో ఇప్పుడు ఆమెనే పక్కింటామెకు చూపిస్తున్నది. మెడ మాత్రం ఎవ్వరినీ ముట్టనియ్యదు.

చిన్నాయన మగ్గం దగ్గర పోగులు అతికిన రోజు ఒకటి గమనించిన. ఆయన కూసునే పలక కిందికి ఉన్నది, నాడె తాడు అందుకోవాలంటే కుడి భుజం చెవి దాకా లేస్తది. గోనెసంచి నాలుగు మడతలు వేసి పలకను 5 సెంటీమీటర్లు లేపినం. పది రోజులకు ఆయన భుజం నొప్పి 7 నుంచి 4కు వచ్చింది, మిగతావాళ్ళ కన్న ఎక్కువ తగ్గింది ఆయనకే. ఏప్రిల్ 7 సోమవారం నుంచి మిగతా 10 మగ్గాల పలకలు కొలుస్త: పలక నుంచి తాడు పిడి దాకా, పలక నుంచి మోచేయి దాకా, రెండు కొలతలు. గోనెసంచులు 10 అడిగిపెట్టిన.